మూడు ఊళ్ళు, రెండు రాజ్యాలు, ఒక తాండా

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే బస్సులో మీరు ఎన్నోసార్లు ప్రయాణం చేసివుంటారు. సూర్యాపేటలో బస్సు ఆగుతుంది. దిగి టీ తాగుతారు. పిల్లలకు బిస్కట్లు కొంటారు. మళ్ళీ ఎక్కి, ఓ కునుకు తీస్తారు. మెలకువ వచ్చేసరికి కోదాడ దాటిపోయి, పాలేరు వంతెన వచ్చేస్తుంది. మీరు కునుకు తీసిన ఆ కాస్త దూరంలో ఒకప్పుడు రాజ్యం మూడుసార్లు మారేదంటే నమ్ముతారా? ఇరవై యేళ్ళుగా సూర్యాపేటలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్న నాకు ఆ సంగతి పట్టించుకునే అవసరం ఎన్నడూ కలగలేదు. కలిగించింది మా విద్యార్థిని ఒకతె.

నిరుడు చలికాలంలో డిగ్రీ పిల్లలను పిల్లలమర్రి తీసుకువెళ్ళాను. సూర్యాపేటకు కూతవేటు దూరం. కాకతీయుల కాలంలో రేచెర్ల రెడ్లు కట్టించిన గుళ్ళు అక్కడ వున్నాయి. 'శృంగార శాకుంతలం' వ్రాసిన పినవీరభద్రుని ఇంటిపేరు ఆ వూరిదే. గుడి ముందరి శాసనం చూపించి, ఏ దొర ఎంత భూమి ఇచ్చాడో, ఏ దీపానికి ఎంత నూనె పోయమన్నాడో ఉత్సాహంగా చెబుతున్నాను. అప్పుడు ఆ అమ్మాయి అడిగింది:

"సార్, మా తాండా పేరు ఏ రాయి మీద వుంటుంది?"

పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "మీవాళ్ళు సంచారులు గదమ్మా! రాళ్ళ మీద రాయించుకునే తీరిక వాళ్ళకెక్కడిది?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "రాయి మీద కాకపోతే కాగితం మీదైనా వుండాలి గద సార్?" అన్నది.

పాఠం చెప్పేవాడికి ప్రశ్న బాకీ పడడం కంటె పెద్ద అవమానం లేదు. సెలవులలో హైదరాబాదు వెళ్ళి పాత పుస్తకాలు ముందు వేసుకు కూర్చున్నాను. లంబాడీలను గురించి వ్రాయకపోవడమేమిటి? బోలెడు వ్రాశారు. వ్రాసినవారు ఎవరు, ఏ పుస్తకంలో వ్రాశారు అన్నదే చూడవలసిన సంగతి.

మొదట దొరికింది జాన్ బ్రిగ్స్ వ్యాసం. హైదరాబాదులో ఇంగ్లీషు సైన్యం వెంట వుండిన ఆఫీసరాయన. బంజారాల పుట్టుపూర్వోత్తరాలను గురించి ఆయన వ్రాసినది 1819లో అచ్చయింది. అందులో లంబాడీ అంటే వేల ఎడ్ల మీద ధాన్యం వేసుకుని సైన్యాల వెంట నడిచే వర్తకుడు. టిప్పుమీద యుద్ధాలు చేసినప్పుడు కారన్‌వాలీసు దండుకూ, ఆ తరువాత వెల్లెస్లీ దండుకూ తిండిగింజలు మోసింది ఈ ఎడ్ల బారులే. వాళ్ళు రాకపోతే ఫిరంగులున్న సైన్యం కూడా పస్తులుండవలసిందే.

ఆ పక్కనే 1892లో మద్రాసులో అచ్చయిన మరొక పుస్తకం. వ్రాసినాయన ముల్లాలీ అనే పోలీసు అధికారి. పుస్తకం పేరుకు అర్థం 'మద్రాసు రాజధానిలోని నేరస్థ వర్గాలు'. అందులోనూ లంబాడీలున్నారు. ఎక్కడ దిగుతారు, ఏ వేషంలో వస్తారు, పశువులను ఎలా తోలుకుపోతారు - ఇదీ అందులోని వివరం. పోలీసులు చదువుకుని జాగ్రత్తపడడానికి వ్రాసిన పుస్తకం మరి!

మధ్య డెబ్భైమూడేళ్ళు. వర్తకుడు దొంగ ఎలా అయ్యాడు? దానికి జవాబు పుస్తకాలలో కంటె మా దారిలోనే ఎక్కువగా వున్నదనిపించింది. ఒక ఆదివారం పొద్దున్నే సూర్యాపేటలో బస్సు ఎక్కాను. కోదాడ మీదుగా మిర్యాలగూడ చేరి, అక్కడి నుంచి ఆ అమ్మాయి తాండాకు పోవాలని సంకల్పం.

ఇప్పుడు ఈ రోడ్డు నల్లగా, వెడల్పుగా, మధ్యలో పూలచెట్లతో పెళ్ళిపందిరిలా వుంది. కాని ఇది కొత్త దారి కాదు. మచిలీపట్నం రేవు నుంచి గోలకొండకు సరుకు పోయే దారి ఈ ప్రాంతాల మీదుగానే వుండేది. సముద్రం ఒడ్డున ఉప్పు పండుతుంది. తెలంగాణలో జొన్నలు పండుతాయి. ఉప్పు లేనిదే జొన్నసంకటి దిగదు. జొన్నలు లేనిదే ఉప్పు పండించినవాడికి కడుపు నిండదు. ఈ రెంటికీ మధ్య నడిచినవి లంబాడీల ఎడ్లు. దాన్ని వాళ్ళు 'లదేణి' అనేవారు. లంబాడీ అన్న మాట 'లవణం' నుంచే వచ్చిందని చెప్పే పండితులు కూడా వున్నారు. ఎరుకలవారిలో కూడా ఉప్పు ఎరుకలవారని ఒక శాఖ వున్నది. వాళ్ళదీ ఇదే బేరం.

ఇంగ్లీషువారు 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పును ప్రభుత్వ గుత్తం చేశారు. అది మొదటి దెబ్బ. 1876-78 నాటి కరువులో పశువులు కుప్పలుగా చచ్చాయి. అది రెండవ దెబ్బ. 1889లో నిజాం రైలు వరంగల్లు మీదుగా బెజవాడ చేరింది. వందల ఎడ్లు మోసే ఉప్పును రైలు ఒక్క రాత్రిలో దింపసాగింది. అది మూడవ దెబ్బ. అడవులకు సర్కారు హద్దురాళ్ళు పాతారు. మిగిలిన ఎడ్లకు మేత కూడా లేకపోయింది. ఈ లెక్కన 1892 నాటి పోలీసు పుస్తకం వచ్చేసరికి ఎడ్ల బారులకు బేరమే లేదు. బేరం లేనివాడు రోడ్డు మీద కనబడితే పోలీసువాడికి ఏమని తోస్తుంది?

ఇలా ఆలోచిస్తూ వుండగా మునగాల వచ్చింది. కండక్టరు కేకవేశాడు. ఇద్దరు దిగారు, నలుగురు ఎక్కారు. అంతే. కాని ఒకనాడు ఇక్కడ దేశమే మారేది.

సూర్యాపేట నిజాం రాజ్యం. కోదాడ నిజాం రాజ్యం. నడుమనున్న మునగాల పరగణా మాత్రం మద్రాసు రాజధానిలోని కృష్ణాజిల్లాకు చెందినది! చుట్టూ నిజాం నేల, మధ్యలో ఇంగ్లీషు దీవి. రాజా నాయని వెంకటరంగారావుగారి జమీందారీ. చరిత్ర పరిశోధకులు కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆ సంస్థానానికి దివానుగా వుండేవారు. 1959లో గాని ఆ పరగణా నల్లగొండ జిల్లాలో కలవలేదు.

ఒక లంబాడీ కుటుంబం పశువులను తోలుకుని సూర్యాపేట నుంచి జగ్గయ్యపేటకు పోతున్నదనుకోండి. సూర్యాపేటలో పోలీసు పటేలు, హాలీ సిక్కా రూపాయి, ఫసలీ సంవత్సరం. మునగాలలో గ్రామ మునసబు, కల్దారు రూపాయి, ఇంగ్లీషు తారీఖు. కోదాడలో మళ్ళీ పటేలు, మళ్ళీ హాలీ సిక్కా. పాలేరు దాటితే మళ్ళీ మునసబు. హద్దు దగ్గర నిజాంవారి కరోడ్‌గిరి నాకా, అంటే సుంకం చౌకీ. ఒక్క ప్రయాణంలో మూడుసార్లు దొరలు మారేవారు. దొర మారినప్పుడల్లా వీళ్ళు 'పొరుగు రాజ్యం నుంచి వచ్చిన అనుమానాస్పదులు' అయ్యేవారు. నడిచింది ఒకే దారిన; కాని రెండు రాజ్యాల కాగితాలలోనూ పరదేశులే!

ఇక చట్టం మాట. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం 'నేరస్థ జాతుల చట్టం' చేసింది. మన దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి, నేతగాని కొడుకు నేతగాడు గనుక, దొంగతనం కులవృత్తి అయినవారి కొడుకులు కూడా దొంగలే అవుతారన్నది దాని వెనకనున్న తర్కం. మొదట ఉత్తరాదిన అమలైన ఆ చట్టాన్ని 1911లో మార్చి వ్రాసి మద్రాసుకూ తెచ్చారు. నిజాం ప్రభుత్వం కూడా అటువంటి చట్టమే తన రాజ్యానికి చేసుకున్నది. జాబితాకెక్కిన తెగలో పుట్టినవాడు ఠాణాలో పేరు వ్రాయించుకోవాలి. వేలిముద్రలు ఇవ్వాలి. పిలిచినప్పుడు హాజరు చెప్పాలి. ఊరు మారితే చెప్పి పోవాలి. కొన్ని నేరాలకు రెండోసారి శిక్షపడితే ఏడేళ్ళకు తక్కువ కాకుండా జైలు. మూడోసారి పడితే యావజ్జీవం ద్వీపాంతరం. ఆరేళ్ళు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడులలో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో వుంది. ఇంత శిక్షకూ మూలం వాడేం చేశాడన్నది కాదు, ఎవరికి పుట్టాడన్నది!

ఇక్కడ ఒక కథ జ్ఞాపకం వస్తుంది. లంబాడీలు తరతరాలుగా చెప్పుకునేదీ, ఇంగ్లీషువారు కూడా వ్రాసుకున్నదీ. షాజహాను కాలంలో ఆసఫ్‌ఖాను దక్కను మీదికి దండెత్తి వచ్చినప్పుడు భంగీ, జంగీ అనే నాయకుల ఎడ్లు ఆ దండుకు ధాన్యం మోశాయట. ఎక్కడ దిగితే అక్కడ కుండలో నీళ్ళు, కప్పులో గడ్డి తీసుకోవచ్చుననీ, రోజుకు మూడు హత్యల దాకా మాఫీ అనీ బంగారు అక్షరాలతో రాగిరేకు వ్రాసి ఇచ్చాడట. కథలో అతిశయం ఎంతైనా వుండనీయండి. అందులో నీతి చూడండి. ఒక ప్రభువుకు వాళ్ళు అవసరమైన రోజున, చేయబోయే హత్యలకు కూడా ముందే క్షమాపణ వ్రాసి ఇచ్చాడు. మరొక ప్రభువుకు వాళ్ళు అవసరం తీరిన రోజున, చేయని దొంగతనాలకు కూడా ముందే శిక్ష వ్రాసిపెట్టాడు. ఎడ్ల వీపున సరుకు వున్నంతసేపే రాగిరేకుకు విలువ!

కోర్టు కాగితాలలో వీళ్ళ మాట వినబడుతుందా అంటే, అదీ అంతంత మాత్రమే. తాండాలో మాట్లాడేది గోర్ బోలి. ఊళ్ళో తెలుగు. నిజాం కచేరీలలో పారశీకం పోయి 1880లలో ఉర్దూ వచ్చింది. పైన రెసిడెన్సీకి పోయే నివేదిక ఇంగ్లీషులో. ఒక ముసలి నాయకుడు "నా ఎద్దును నేను తోలుకుపోతున్నా" అని తన భాషలో అంటే, అది మూడు భాషలలో మునిగి తేలి "ముద్దాయి ఒక ఎద్దుతో కనబడ్డాడు" అని తేలదని ఎవరు చెప్పగలరు? అనువాదం ఎంత ప్రమాదమో భాష చెప్పుకుని బ్రతికే నాకు తెలుసు. పద్యం తప్పు అనువదిస్తే రసం పోతుంది. వాంగ్మూలం తప్పు అనువదిస్తే మనిషే పోతాడు.

ఇది మన ఒక్క దేశపు గోడు కాదు. ఆస్ట్రేలియా ఆదివాసులదీ ఇదే కథ. పడమటి ఆస్ట్రేలియాలో రాట్‌నెస్ట్ అనే దీవిని 1838 నుంచి ఆదివాసుల జైలు చేశారు. దాదాపు నాలుగు వేలమంది పురుషులు, కుర్రవాళ్ళు అక్కడ బందీలయ్యారు. వందలమంది అక్కడే మట్టిలో కలిశారు. న్యూ సౌత్ వేల్సులోనైతే, క్రైస్తవ పద్ధతిలో ప్రమాణం చేయలేరన్న సాకుతో 1876 దాకా కోర్టులో వాళ్ళ సాక్ష్యమే పనికిరాలేదు. ముద్దాయిగా పనికి వస్తారు, సాక్షిగా పనికిరారు! ఈనాడు వాళ్ళ మనుమలు అవే జైలు రిజిస్టర్లు, అవే పాత పత్రికలు తిరగవేసి తమ తాతల పేర్లు వెతుక్కుంటున్నారు. అవమానించడానికి వ్రాసిన కాగితమే ఆనవాలుగా మిగిలింది.

కోదాడలో దిగాను. మిర్యాలగూడ బస్సుకు అరగంట వ్యవధి వుంది. స్టాండు బయట ఒకామె వెదురుబుట్టలు, చేటలు అమ్ముతున్నది. ఆమెను చూడగానే నా చిన్నతనం ఎదుట నిలిచింది.

మా ఇంటికి ఎరుకలామె ఒకతె వచ్చేది. చేతిలో కర్ర, చంకలో బుట్ట. "ఎరుక చెబుతానమ్మా, ఎరుక" అని అరుగు మీద కూచునేది. మా నాయనమ్మ చేటలో బియ్యం పోసి, చెయ్యి చాచి ఎదురుగా కూచునేది. ఆనందబాష్పాలు కార్చుకుంటూ వినేది. ఎందుకు వినదూ? పద్మావతీ శ్రీనివాసుల కల్యాణం కుదర్చడానికి సాక్షాత్తూ వేంకటేశ్వరుడే ఎరుకలసాని వేషం వేశాడని ఆవిడే మాకు కథ చెప్పేది గదా! కాని ఆ ఎరుకలామె వీధి మలుపు తిరగగానే మా నాయనమ్మ లోపలికి వెళ్ళి ఇత్తడి చెంబులు లెక్కపెట్టుకునేది.

ఒక్కనాడూ లెక్క తగ్గలేదు. అయినా లెక్కపెట్టడం మానలేదు.

ఇంగ్లీషువాడి చట్టాన్ని తిట్టడం తేలిక. ఆ చట్టం తాలూకు ఒక నకలు మా వంటింట్లో కూడా వుండేదని ఒప్పుకోవడం కష్టం. స్టూవర్టుపురంలోనూ, కృష్ణ ఒడ్డున సీతానగరంలోనూ సాల్వేషన్ ఆర్మీవారి ఆజమాయిషీలో ఎరుకల కుటుంబాలకు సెటిల్‌మెంట్లు పెట్టారు. నిజాంవారు పాలమూరు వైపు లింగాలలో పెట్టారు. వాళ్ళను అక్కడికి తోలించిన భయం ఠాణాలోనే పుట్టలేదు. మనబోటి ఇళ్ళ అరుగుల మీద కూడా పుట్టింది.

దాన్ని ఎదిరించినవారూ లేకపోలేదు. నెల్లూరు సీమలో వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదులకోసం జీవితమంతా పాటుపడ్డారు. 1936లో నెహ్రూగారు నెల్లూరులోనే ఈ చట్టాన్ని తీవ్రంగా ఖండించారు. స్వాతంత్ర్యం వచ్చాక మాడభూషి అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతన సంఘం వేశారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. 'నేరస్థ జాతులు' ఆనాటి నుంచి 'విముక్త జాతులు' అయ్యారు. చిత్రమేమిటంటే పాలేరు హద్దు మాత్రం చెరగలేదు. ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటికే లంబాడీలు షెడ్యూల్డు తెగ. తెలంగాణలో 1976 చట్టం వచ్చేదాకా కాదు. ఇరవై యేళ్ళపాటు జగ్గయ్యపేట తాండాలోని అన్న గిరిజనుడు, కోదాడ తాండాలోని తమ్ముడు కాదు! ఒక్క కడుపున పుట్టినా వాగు ఏ ఒడ్డున వున్నాడన్నదే కాగితానికి కావాలి.

హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా బస్సు సాగింది. సాగరు ఎడమ కాలువ నీళ్ళతో ఇరువైపులా వరిమళ్ళు. మిర్యాలగూడ దగ్గరపడేకొద్దీ ధాన్యం మిల్లుల పొగగొట్టాలు. స్టాండులో మా విద్యార్థిని, వాళ్ళ అన్న మోటారుసైకిలుతో ఎదురుచూస్తున్నారు.

తాండాలో వేపచెట్టు కింద మంచం వేశారు. ఆ అమ్మాయి నాయనమ్మ వచ్చి ఎదురుగా నేల మీద కూచోబోయింది. నేను లేచి మంచం మీద కూచోమన్నాను. "సారు చెప్పంగ వద్దంటనా?" అని నవ్వి కూచున్నది. ఎనభై దాటిన మనిషి. పాత రోజుల సంగతి అడిగాను.

"మా మామ చెప్పేటోడు సారూ. ఎడ్ల మీద ఉప్పు తెచ్చేటోళ్ళంట. ముందర నడిచే ఎద్దుకు గవ్వలు, గంటలు కట్టేటోళ్ళంట. ఆ గంట చప్పుడు ఇంటే ఊళ్ళె ఆడోళ్ళు జొన్నలు తీస్కొని ఉరికొచ్చేటోళ్ళంట."

"మరి తరువాత?"

ఆమె కాసేపు మాట్లాడలేదు. "తర్వాత ఊళ్ళె గొడ్డు తప్పిపోతె ముందుగాల తాండకే వచ్చేటోళ్ళు సారూ" అన్నది.

ఆ రెండు మాటలలో డెబ్భైమూడేళ్ళ చరిత్ర వున్నది. బ్రిగ్సు పుస్తకం మొదటి మాట. ముల్లాలీ పుస్తకం రెండవ మాట. నేను సెలవులన్నీ ఖర్చుపెట్టి తెలుసుకున్నది ఆ ముసలామె నోట్లోనే వుంది. ఎడ్లకు గంటలు వుండేవన్న సంగతి, అవి వింటే ఊరు సంతోషించేదన్న సంగతి మాత్రం పోలీసు పుస్తకానికి పట్టలేదు.

సాయంత్రం బయలుదేరబోతుంటే ఆ అమ్మాయి తాండా మొగకు తీసుకువెళ్ళింది. అక్కడ చిన్న గది. 2018 చట్టంతో తెలంగాణలోని తాండాలు ఎన్నో గ్రామపంచాయతీలయ్యాయి గదా, వాళ్ళదీ అందులో ఒకటి. గది నెత్తిన పసుపుపచ్చ రేకు బోర్డు. దాని మీద తెలుగులో తాండా పేరు. లోపల బల్ల మీద జనన మరణాల రిజిస్టరు.

"రాయి దొరకలేదు సార్. రేకు దొరికింది" అన్నది ఆ అమ్మాయి.

ఈసారి నేను నవ్వలేదు. ఆసఫ్‌ఖాను రాగిరేకు జ్ఞాపకం వచ్చింది. దానిలాగ ఇది ఎవరో దయతలచి ఇచ్చినది కాదు. ఎవరికో అవసరం తీరగానే వెనక్కు తీసుకునేదీ కాదు. ఒకప్పుడు ఈ మనుషులు ఠాణా రిజిస్టరులో హాజరు చెప్పుకున్నారు. ఇప్పుడు వాళ్ళ రిజిస్టరు వాళ్ళ గదిలో వుంది. అందులో పుట్టిన బిడ్డ పేరు వుంటుంది, తల్లి పేరు వుంటుంది. నేరం కోసం ప్రత్యేకంగా గడి వుండదు.

ఈ చలికాలంలో కొత్త పిల్లలను మళ్ళీ పిల్లలమర్రి తీసుకువెళతాను. శాసనం చదివి చెబుతాను. ఆ తరువాత రాతిమీదకు ఎక్కని ఉప్పుదారి కథ కూడా చెబుతాను. మీరు మాత్రం ఈసారి విజయవాడ వెళ్ళేటప్పుడు సూర్యాపేటలో టీ తాగిన తరువాత కునుకు తీయకండి. మునగాల రాగానే పిల్లలను కిటికీ దగ్గర కూచోబెట్టి, ఇక్కడ దేశం మారేదని చెప్పండి. ఆ దారినే గంటలు కట్టుకున్న ఎడ్లు నడిచాయని కూడా చెప్పండి.